ఆఖరు ఒక్కటే దిద్దండి

చోడవరం బస్టాండు దగ్గర ఉన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో పైడితల్లి పనిచేస్తుంది. ఉదయం పూట ఆమెకు తలెత్తే తీరిక ఉండదు. మాడుగుల బస్సు దిగినవాళ్లూ, బుచ్చయ్యపేట నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లూ పరగడుపున బెంచీల మీద కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరినే పిలిచి, జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి రక్తం తీస్తుంది. ఎండ ఎక్కేసరికి జనం పల్చబడతారు. మిషన్లో సీసాలు తిరుగుతుంటే కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరుస్తుంది.

ఆమె చదివేవన్నీ చీకటి పుస్తకాలే. దెయ్యాలవి, హత్యలవి, చచ్చినవాళ్లు తిరిగొచ్చేవి, ఎక్కడా లేని లోకాల్లో జరిగేవి, బహుమతులొచ్చిన పెద్ద నవలలు. గ్రంథాలయంలో దొరికినవి కొన్ని, అనకాపల్లి నుంచి తెప్పించుకున్నవి కొన్ని. భర్త ఉమామహేష్ చక్కెర మిల్లులో సీజను పనికి వెళ్తాడు. పుస్తకం పట్టుకుని మొహం ముడుచుకుని కూర్చున్న భార్యను చూసి, "ఏడుపు కొనుక్కోడం ఏటే? ఊరికే దొరుకుతాది కదా," అంటాడు. ఆమె పేజీ తిప్పుతుంది.

బస్టాండు ఎదురుగా ప్రేమ్‌కుమార్‌కు పుస్తకాలూ పెన్నులూ అమ్మే కొట్టుంది. అతను చదివేవాళ్లందరినీ పోగుచేసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. టీచర్లు, బ్యాంకువాళ్లు, రిటైరైనవాళ్లు ఉన్నారు. ఎవరే పుస్తకం పెట్టినా "అద్భుతం", "కళ్లు చెమర్చాయి" అని రాస్తారు. పైడితల్లికి టైపు కొట్టడం విసుగు. అందుకని వాయిస్ మెసేజ్ పెడుతుంది. దాంతో గ్రూపు కాసేపు మూగబోతుంది.

ఒక దెయ్యం నవల గురించి ఇలా అంది: "దెయ్యం రాకముందు బాగుంది. తలుపు సందులోంచి తడి వాసన వస్తన్నాదని రాసిన కాడ నాకు ఒళ్లు జలదరించింది. వచ్చేక పేజీకోసారి అరుస్తన్నాది. అలా అరిసే దెయ్యాన్ని సూస్తే భయమెక్కడేస్తాది? జాలేస్తాది."

మాయలోకం కథ ఒకటి చదివి: "గుర్రం రెక్కలతోటి ఎగిరింది, నమ్మేసేను. సముద్రాలు దాటింది, అదీ నమ్మేను. దానికి మేత ఎవరేసేరో ఎక్కడా సెప్పలేదు. అక్కడ నమ్మకం పోయింది."

పెద్ద బహుమతి వచ్చిన నవల గురించి అయితే గ్రూపులో ఒకాయన అలిగి వెళ్లిపోయేదాకా వచ్చింది. "నాలుగు పేజీలు వాన కురిసింది. ఎవడికీ జలుబు సెయ్యలేదు. బట్టలారలేదని ఎవరూ తిట్టుకోలేదు. ఆ రాసినాయన వానని కిటికీలోంచి సూసేడు, అంతే. ఇంకోటి. ఆ కూలోళ్ల ఇంట్లో ఒక్కడూ నవ్వడు. మా ఊళ్లో శవం కాడ కూడా ఎవడో ఒకడు నవ్వించేవోడు ఉంటాడు."

ఆమె మెచ్చుకున్నది తక్కువ. ఊళ్లో జనమంతా కొద్దికొద్దిగా మాట మర్చిపోయే కథ ఒకటి, సన్నటి పుస్తకం. దాని గురించి రెండే ముక్కలు చెప్పింది. "సదివేక అన్నం తినబుద్ధెయ్యలేదు. మంచి పుస్తకం."

ఆమె నోటికి చిక్కితే రాసినవాళ్లకు ఎక్కడున్నా పొలమారుతుందని ప్రేమ్‌కుమార్ నవ్వేవాడు. ఆ మొండితనం ఎక్కణ్నుంచి వచ్చిందో అతనికి తెలీదు.

పైడితల్లి పుట్టింది వడ్డాదిలో, చెరకు వేసే ఇంట్లో. ఆమె ఇంటర్ చదువుతుండగా తండ్రి పరదేశికి గొంతులో పుండు లేచింది. విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకు తప్ప. "ఎండలు తగ్గితే నొప్పీ తగ్గిపోద్ది," అని తల్లి అచ్చియ్యమ్మ రోజూ చెప్పేది. ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో. వచ్చే ఏడాది ఏ మడిలో చెరకు వెయ్యాలో, ఏ మడి వరికి వదలాలో చెబుతూ ఉండేవాడు. గొంతు పూర్తిగా పోయాక ఒక సాయంత్రం కూతురి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చాలాసేపు ప్రయత్నించి, చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగిపోయాడు. ఆ మాట ఏమిటో ఎవరికీ తెలియకుండానే ఆయన పోయాడు.

దినాలు అయిపోయాక పైడితల్లి తల్లిని అడిగింది. "ముందే సెప్పుంటే మాట ఉన్నప్పుడే సెప్పుకునేవోడు కదమ్మా?" అచ్చియ్యమ్మ బియ్యం చెరుగుతూ ఉండిపోయింది.

ఆ తరవాతే ఆమె ల్యాబ్ కోర్సు చదివింది. ఆ తరవాతే చీకటి పుస్తకాల్లో పడింది. కథ చివర అంతా బాగైపోతే ఆమెకు ఒళ్లు మండేది. విచిత్రమేమిటంటే, పుస్తకాల దగ్గర అంత నోరున్న మనిషి ల్యాబ్‌లో పెదవి విప్పకూడదు. రిపోర్టులో ఏముందో చెప్పాల్సింది డాక్టరు. "అంతా బాగానే ఉందా తల్లీ?" అని ఎవరైనా అడిగితే, "డాక్టరుగారు సెప్తారండి," అనడమే ఆమె ఉద్యోగం.

అనంతపద్మనాభం గారు ఆ గ్రూపులో ఉండేవారు. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనా, భార్య కమలాంబా ఇద్దరే, పిల్లలు లేరు. రిటైరైనప్పటి నుంచీ ఆయన ఒక నవల రాస్తున్నారని ఊళ్లో చాలామందికి తెలుసు. ఒక రోజు మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ నవల కాగితాలు బైండు చేయించి పట్టుకొచ్చారు. పేరు "ఏటికింది ఊరు".

"చదివినవాళ్లంతా బాగుందన్నారమ్మా. నాకు అనుమానం వచ్చింది. అందుకని నీ దగ్గరికి తెచ్చేను," అన్నారు.

కథ ఇది. ఒకడి తమ్ముడు చిన్నతనంలో ఏట్లో మునిగిపోతాడు. అన్న పెద్దవాడై, ఒక ఎండాకాలం ఆ ఏటి మడుగులోకి దిగుతాడు. అడుగున ఒక ఊరుంటుంది. మునిగిపోయినవాళ్లంతా అక్కడ కొట్లు పెట్టుకుని, పొలాలు దున్నుకుని బతుకుతుంటారు. వాళ్లు రోజుకో సంగతి మర్చిపోతుంటారు. అన్న తమ్ముణ్ణి వెతికి పట్టుకుని, చెయ్యి పట్టుకుని పైకి తెచ్చేస్తాడు. తల్లి ఇద్దరికీ అన్నం పెడుతుంది.

పైడితల్లి నిదానంగా చదివింది. కొన్ని అధ్యాయాలు రెండోసారి చదివింది. ఆయన మళ్లీ వచ్చినప్పుడు స్టూలు ఆయనకిచ్చి తను నిలబడింది.

"ఊరు బాగుందండి. అక్కడ చేపలు పిట్టల్లాగ చెట్ల మీద వాలతాయన్నారు, అదీ బాగుంది. కాని ఆ సచ్చిపోయినోళ్లు అంత బాగా మాట్లాడతన్నారేటండి? రోజుకోటి మర్సిపోయేవోళ్లకి అంత భాష ఎక్కడిది? తడబడాలి కదా."

"ఊఁ. ఇంకా?"

"ఆఖరు బాలేదండి. ఆ గుంటడు పైకి రాడు. మీరు తెచ్చేసేరు. కథ తేలేదు, మీరు తెచ్చేరు."

అనంతపద్మనాభం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడు నా తమ్ముడేనమ్మా," అన్నారు. "నాకు తొమ్మిదేళ్లప్పుడు. నా కళ్లముందే."

 అయినా పైడితల్లి తన మాట వెనక్కి తీసుకోలేదు. "అలాగనే అనుకున్నానండి. అందుకే అబద్ధం తెలిసిపోతన్నాది."

ఆయన కాగితాలు తీసుకుని వెళ్లిపోయారు. ఆ తరవాత గ్రూపులో ఆయన మాట వినపడలేదు. ప్రేమ్‌కుమార్ ఆమెను మెత్తగా మందలించాడు. "పెద్దాయన. కొంచెం తిప్పి చెప్పాల్సింది."  తను చెప్పింది తప్పని ఆమెకు అనిపించలేదు. కాని కొన్ని రోజులు ఏ పుస్తకం తెరిచినా పేజీ ముందుకు కదిలేది కాదు.

వానలు మొదలయ్యాక అనంతపద్మనాభం గారే ల్యాబ్‌కి వచ్చారు, ఈసారి కాగితాల్లేకుండా. తగ్గని జ్వరం. చేతుల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు. డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించారు. ఆమె రక్తం తీసింది. సూది తీశాక రక్తం ఎంతకీ ఆగలేదు. దూది మార్చి మార్చి అదిమి పట్టుకుంది.

"మధ్యాహ్నం దాకా ఇక్కడే కూర్చుంటాను. ఇంటికెళ్లి మళ్లీ రాలేను," అన్నారాయన.

మిషన్ ఇచ్చిన అంకెలు చూసి ఆమె నమ్మలేదు. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పెద్దపెద్ద కణాలు, పక్వం కానివి, రక్తంలో ఉండకూడనివి, ఎటు జరిపి చూసినా అవే. ఇంకో పలక చేసింది. అందులోనూ అవే. కళ్లు ఎత్తితే తలుపులోంచి బెంచీ మీద ఆయన కనిపిస్తున్నారు. ఎవరో వదిలేసిన పేపరు చదువుకుంటున్నారు.

రిపోర్టు కవరులో పెట్టి ఇస్తుంటే ఆయన ఆమె మొహం వైపు చూశారు. "నా పుస్తకం గురించి చెప్పినట్టే చెప్పమ్మా."

"డాక్టరుగారు సెప్తారండి."

ఆయన కవరు అందుకున్నారు. "ఈ మాట ఎవరో రాసిస్తే చదివినట్టు చదివేవు," అన్నారు.

 ఆమె తలుపు దాకా వెంట వచ్చి, "ఇయ్యాలే ఎల్లండి సార్. అమ్మగార్ని తీసుకెల్లండి," అంది. అంతకన్నా చెప్పడానికి ఆమెకు హక్కు లేదు.

విశాఖపట్నంలో పెద్ద పరీక్షలయ్యాయి. కొన్నాళ్లకు కమలాంబ ఒక్కర్తే ల్యాబ్‌కి వచ్చింది. సన్నటి మనిషి. చీర కొంగు నిండా కప్పుకుని, ఎవరూ లేకుండా చూసి మాట్లాడింది.

"రక్తంలో క్యాన్సరుట. ఆయన వయసుకి గట్టి మందులు తట్టుకోలేరుట. రక్తం ఎక్కిస్తూ ఉండడమేనట. ఆయనకి మాత్రం రక్తం తక్కువైందని చెప్పేం, అంతే. మా తమ్ముడూ, డాక్టరుగారూ, నేనూ అనుకున్నాం. నువ్వు వారం వారం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాలి. నీ నోటి సంగతి విన్నానమ్మా. ఆయనకి చెప్పకు."

"సరేనండి," అంది పైడితల్లి.

వాళ్ల ఇంటి వసారాలో వాలుకుర్చీ, పక్కన చిన్న బల్ల. బల్ల మీద ఆ నవల. వెళ్లిన మొదటి రెండుసార్లూ ఆయన పుస్తకం ఊసే ఎత్తలేదు. చెయ్యి చాపి, కళ్లు మూసుకుని ఉండేవారు. మూడోసారి కమలాంబ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే అడిగారు.

"నువ్వు చెప్పేక మళ్లీ చదివేను. ఆ ఏటికింది వాళ్లు బాగా మాట్లాడుతున్నారన్నావే, అది నిజమే. అక్కడా ఇక్కడా అతికితే పోదు. మొదట్నుంచీ తిరగ రాయాలి. ఏడాది పట్టే పని అది."

"అవునండి."

"ఆఖరు కూడా మార్చాలి. అది వేరే పని, చిన్నది." ఆయన గొంతు తగ్గించారు. "నాకు రక్తం తక్కువైందంటున్నారు. అయుండొచ్చు. అది నిన్ను అడగను. నువ్వు చెప్పవు కూడా. పుస్తకం సంగతి అడుగుతాను. అందులో నువ్వు అబద్ధం ఆడవు కదా. మొత్తం దిద్దనా, ఆఖరు ఒక్కటే దిద్దనా?"

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. పైడితల్లి చేతిలోని సీసా వైపు చూసింది. ఎరుపు పల్చగా ఉంది. మొత్తం దిద్దండి అంటే ఆయన నమ్ముతారు. మొదటి పేజీతో మొదలుపెడతారు. వడ్డాది ఇంట్లో గోడవైపు తిరిగిన వీపు ఆమె కళ్లముందుకు వచ్చింది.

"ఆఖరు ఒక్కటే దిద్దండి సార్," అంది.

ఆయన తల ఊపారు.  రోడ్డు మీద ఎరువు లోడు ట్రాక్టరొకటి ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లేదాకా చూశారు. కమలాంబ కాఫీ తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి, "బాగుంది కమలా," అన్నారు.

ఆయన ఆ ఆఖరు అధ్యాయం చాలా కష్టపడి రాశారు. ఒక్కోరోజు ఒక్క వాక్యం.  దసరా దాటాక ఒక ఉదయం, రక్తం తీయించుకోవడం అయ్యాక, ఆమెను కూర్చోమని చదివి వినిపించారు.

ఈసారి తమ్ముడు పైకి రాడు. అన్నను ఎక్కడో చూసినట్టుంటుంది గాని పేరు గుర్తురాదు. "నువ్వు ఎవరింటి అబ్బాయివి?" అని అడుగుతాడు. అన్న తమ ఇంటి పేరు చెబుతాడు. తమ్ముడు ఆలోచించి, "ఆ ఇంట్లో వాకిట్లో తులసికోట ఉండాలి," అంటాడు. ఇంకేం గుర్తులేదు. అన్న అది చాలుననుకుని ఒక్కడే పైకి ఈదుతాడు. ఈదుతూ ఒకసారి కిందకు చూస్తాడు. తమ్ముడు అప్పటికే కొట్టు తలుపులు తీసుకుంటూ ఉంటాడు.

చదవడం అయ్యాక ఆయన ఆయాసపడుతున్నారు. పైడితల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"బాగుందండి," అంది.

"నిజంగానేనా?"

"బాగుంది సార్. నేను అలాగ ఊరికే అననండి."

"తెలుసు," అని ఆయన నవ్వారు.

మరుసటి వారం ఆమె వెళ్లేసరికి కమలాంబ గేటు దగ్గరే నిలబడి ఉంది. "ఇక నువ్వు రావక్కర్లేదమ్మా. వేరే ల్యాబ్ అబ్బాయిని మాట్లాడుకున్నాం," అంది. కారణం చెప్పలేదు. పైడితల్లి అడగలేదు. వసారాలో వాలుకుర్చీ ఖాళీగా ఉంది. ఆయన లోపలి గదిలో పడుకుని ఉన్నారు. దగ్గు వినిపించింది.

కార్తీకం వెళ్లకుండానే అనంతపద్మనాభం గారు పోయారు. ఆ వార్త ఆమెకు గ్రూపులోనే తెలిసింది. జనంలో కలిసి దూరంగా నిలబడి చూసి వచ్చేసింది.

తరవాతి వేసవిలో నవల అచ్చయింది. కమలాంబే వేయించింది. ప్రేమ్‌కుమార్ దగ్గరుండి పని చేయించి, కొట్లో పేర్చి పెట్టి, పైడితల్లికి ఒకటి పంపాడు. ఆమె ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని నేరుగా చివరికి తిప్పింది. తమ్ముడు పైకి వచ్చాడు. తల్లి ఇద్దరికీ అన్నం పెట్టింది.

ఏదో పొరపాటు జరిగిందనుకుని కొట్టుకు పరుగెత్తింది. ప్రేమ్‌కుమార్ కౌంటరు మీద చేతులు పెట్టుకుని తల దించుకున్నాడు. "రెండూ ఆవిడ దగ్గరే ఉన్నాయి. పాతదే వెయ్యమన్నారు. నేనేం చెప్పగలను?"

ఆ ఆదివారం పైడితల్లి వాళ్లింటికి వెళ్లింది. కమలాంబ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. వసారాలో అరుగు మీద కూర్చున్నారు ఇద్దరూ.

"సార్ మార్సేరు కదండి ఆఖరు. ఆ మార్సింది ఎయ్యాల్సిందండి."

"నువ్వు చెప్పేవని నాకు తెలుసు," అంది కమలాంబ. "ఏ మాటతో చెప్పేవో తెలీదు గాని, చెప్పేవు."

పైడితల్లి ఖాళీ వాలుకుర్చీ వైపు చూసింది.

"కాఫీలో పంచదార తక్కువైతే గ్లాసు అక్కడే వదిలేసి విసుక్కునే మనిషి. నలభై ఏళ్లు ఆ విసుగుతోనే కాపరం చేసేను. ఒకరోజు కాఫీ తాగి బాగుంది కమలా అన్నారు. ఆ రోజు నేను పంచదార వెయ్యడం మర్చిపోయేను. నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఏది పెట్టినా బాగుందనడం, నేను అటూ ఇటూ తిరుగుతుంటే నన్నే చూస్తూ కూర్చోవడం. పరాయి ఇంటికి చుట్టంగా వచ్చినట్టు ఉన్నారు. మిగిలిన ఆ కాసిన్ని రోజులూ నాకు నా మనిషి కావలసింది. నువ్వు చెప్పేక నా మనిషి లేడు."

రోడ్డు మీద ఎవరో వెళ్తూ పలకరించారు. కమలాంబ చెయ్యెత్తి జవాబిచ్చింది.

"ఆయన అడిగేరండి," అంది పైడితల్లి చివరికి.

"అడిగుంటారు. నేనూ నిన్ను అడిగేను."

 తను చేసింది తప్పని పైడితల్లి ఇప్పటికీ అనుకోలేకపోయింది. ఒప్పని ఈ మనిషి ముందు కూర్చుని అనలేకపోయింది.

"ఆ కొత్త ఆఖరు నేను చదివేను," అంది కమలాంబ. "కింద వదిలేసి వచ్చేస్తాడు. అంత బాగా రాయగలరని నాకు తెలీదు. కాని నా చేతుల్తో నేను అది వేయించలేను. నేను బతికున్నన్నాళ్లూ వాళ్లిద్దరూ అన్నం తింటారు. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఆఖరు బాలేదు అమ్మగారూ," అంది పైడితల్లి, ఏడుస్తూ.

"తెలుసమ్మా," అంది కమలాంబ.

గ్రూపులో అందరూ "ఏటికింది ఊరు" గురించి రాశారు. కళ్లు చెమర్చాయన్నారు, ముగింపు మనసును తాకిందన్నారు. పైడితల్లి ఏమంటుందోనని ఎదురుచూశారు. ప్రేమ్‌కుమార్ ఫోన్ చేసి, "నువ్వేం పెట్టవా?" అని అడిగాడు. "పెట్టను," అంది. ఆ తరవాత వచ్చిన పుస్తకాల గురించి కూడా ఆమె పెట్టలేదు. అలిగి వెళ్లిపోయినాయన గ్రూపులోకి తిరిగొచ్చాడు.

ఈమధ్య కమలాంబకు షుగరు వచ్చింది. పరీక్షకు వేరే ల్యాబ్‌కి వెళ్లొచ్చు. ఇక్కడికే వచ్చింది. బెంచీ మీద అందరితో పాటు కూర్చుని, తన పేరు పిలిచాక లోపలికొచ్చి చెయ్యి చాపింది. నరం సన్నగా ఉంది. పైడితల్లి వేలితో తడిమి తడిమి పట్టుకుంది.

"ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడిగింది కమలాంబ, సూది వైపు చూడకుండా.

"ఏం సదవడం లేదండి."

 కమలాంబ దూది అదిమి పట్టుకుని బయటికి నడిచింది. ఎండలో ఆటో కోసం నిలబడింది. పైడితల్లి సీసా మీద ఆమె పేరు రాసి, బెంచీ మీదున్న తరవాతి మనిషిని పిలిచింది.